బ్రూనో సంగతి తర్వాత, ముందు మీ మామగారి సంగతి

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగస్తులం. మాకు ఆరేళ్ల లాబ్రడార్ ఉంది, పేరు బ్రూనో. మామగారికి డెబ్భై రెండేళ్లు. అత్తయ్యగారు పోయాక మా దగ్గరే ఉంటున్నారు. మేం ఆఫీసుకి వెళ్లినా, ఊరెళ్లినా బ్రూనోని ఆయనే చూస్తారు. వచ్చే నెల మేమూ, మా బాబూ పది రోజులు బయటికి వెళ్తున్నాం. టికెట్లు కొన్నాక ఆయనకి చెబితే "ఈసారి నా వల్ల కాదు, నేను అమ్మాయి దగ్గరికి వెళ్తాను" అన్నారు. మా ఆయనకి కోపం వచ్చి తండ్రితో మాట్లాడటం మానేశారు. మధ్యలో నేను నలిగిపోతున్నాను. బ్రూనోని కుక్కల హాస్టల్లో పెట్టడం మంచిదా, ఇంటికొచ్చి చూసే మనిషిని పెట్టుకోవడం మంచిదా? హాస్టల్లో బెంగ పెట్టుకుంటుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీరడిగిన దానికి జవాబు చిన్నదే, ముందు అది చెప్పేస్తాను. పది రోజులంటే, రోజుకి రెండుసార్లు వచ్చి గిన్నెలో ఇంత తిండి పెట్టి వెళ్లే మనిషి సరిపోడు. పిల్లి అయితే అలా గడిచిపోతుంది, దానికి అలవాటైన ఇల్లుంటే చాలు. ఎప్పుడూ ఎవరో ఒకరు పక్కనుండే కుక్కకి ఖాళీ ఇల్లు శిక్ష. రాత్రి మీ ఇంట్లోనే పడుకునే నమ్మకస్తుడు దొరికితే అంతకన్నా కావలసింది లేదు. దొరక్కపోతే హాస్టలే. కుక్కలు పడుకునే చోటు స్వయంగా చూడండి, రాత్రి అక్కడ మనిషి ఉంటాడో లేదో అడగండి. వ్యాక్సిన్ కార్డు చూపించమనని చోట చేర్పించొద్దు. రేబిస్, పార్వో, డిస్టెంపర్ టీకాలు ఎటూ ఉండాలి. నాలుగు కుక్కలు చేరిన చోట కెన్నెల్ కాఫ్ అనే దగ్గు గాలి ద్వారా కూడా అంటుకుంటుంది, దాని టీకా సంగతి కూడా డాక్టర్‌ని అడగండి. ప్రయాణం ముందురోజు వేయిస్తే ప్రయోజనం ఉండదు కాబట్టి ఈ వారమే వెళ్లండి. ఇంట్లో తినేదే సంచిలో పంపండి, తిండి ఉన్నట్టుండి మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. ఉతకని పాత చొక్కా ఒకటి దాని పక్క మీద వేయమనండి. ముందుగా ఒక్క రాత్రి ఉంచి చూడండి. బెంగ పెట్టుకుంటుంది, నిజమే. ఒకటి రెండు రోజులు సరిగ్గా తినకపోవచ్చు. చాలా కుక్కలు ఆ తర్వాత సర్దుకుంటాయి. ఇంతే.

ఇంతమాత్రానికి నిద్ర మానుకోనక్కర్లేదు. మీకు నిద్ర పట్టనిది బ్రూనో వల్ల కాదు.

పైన వేసింది మీ ఉత్తరంలో పావు వంతే. మిగతాదంతా బ్రూనో ఎన్నింటికి లేస్తుంది, ఎన్నింటికి తింటుంది, ఏ చెవి వెనక గోకితే దానికిష్టం. మామగారి గురించి మాత్రం "మోకాళ్ల నొప్పులున్నాయనుకోండి" అని అర వాక్యం. ఇంకోచోట, మాటల మధ్యలో, పోయిన చలికాలం సంగతి రాశారు. పిల్లిని చూసి బ్రూనో ఒక్క లాగు లాగితే ఆయన గేటు దగ్గర పడిపోయారు, మణికట్టు వాచింది. ఆ సాయంత్రం మీ ఆయన ఇంటికి రాగానే అడిగిన మొదటి మాట, "గేటు తెరిచే ఉందా? బ్రూనో బయటికి పోలేదు కదా?" ఇది కూడా మీరే రాశారు. ఎందుకు రాశారయ్యా అంటే, కుక్కంటే మీ ఆయనకి ఎంత ప్రాణమో చెప్పడానికి!

నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. ముప్ఫై కిలోల కుక్క ముందుకి దూకితే, మోకాళ్ల నొప్పులున్న డెబ్భై రెండేళ్ల మనిషి నిలబడగలడా? ఆ వయసులో పడితే మణికట్టుతో పోవడం అదృష్టం, తుంటి విరిగితే మంచమే గతి. అది ఆయనకి తెలుసు. మర్నాడు పొద్దున మళ్లీ బెల్టు పట్టుకుని బయల్దేరారు. ఎవరూ వద్దనలేదు.

ఈ కుక్క మీ ఇంటికొచ్చిన రోజు ఆయన "ఎవరు చూస్తారురా దీన్ని?" అన్నారట. మీ ఆయన "మీరు ఖాళీయేగా నాన్నా" అన్నారట. ఖాళీ! ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ముప్ఫై అయిదేళ్లు ఉద్యోగం చేసి, భార్యని పోగొట్టుకుని, కొడుకింట్లో ఒక గదిలో సర్దుకున్న మనిషి రోజంతా ఎవరికైనా వాడుకోవడానికి మిగిలిపోయిన సమయమా? జీతమిచ్చి పెట్టుకున్న వాచ్‌మన్‌నైనా సెలవు పెడతావా అని ముందు అడుగుతాం. ఈయనకి టికెట్లు కొన్నాక చెప్పారు.

అలాగని ఆయనకి బ్రూనో మీద ప్రేమ లేదనుకోవద్దు. మధ్యాహ్నం అది ఆయన కుర్చీ కింద తప్ప ఎక్కడా పడుకోదని మీరే అన్నారు. దాని వ్యాక్సిన్ కార్డు కూడా ఆయన సొరుగులోనే ఉందట. ఆయన కాదన్నది కుక్కని కాదు, కొడుకుని. ఆరేళ్లలో మొదటిసారి కాదన్నారు. ఆ ఒక్క "కాదు"కే మీ ఆయన తండ్రితో మాట మానేశారంటే, కలత ఈ తండ్రీకొడుకుల మధ్య ఎప్పటినుంచో ఉంది, బ్రూనో దానికి సాకు.

ఇందులో మీ పాత్ర కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. టికెట్ల సంగతి ఆయనకి ఎవరు చెప్పారు? మీరు. "మీ నాన్నగారు ఇలా అన్నారు" అని మీ ఆయనకి ఎవరు మోశారు? మీరే. ఆడపడుచుకి ఫోన్ చేసి "నువ్వయినా నాన్నగారికి చెప్పు" అన్నదీ మీరే. ఒకే ఇంట్లో ఉన్న తండ్రీకొడుకులకి మధ్యలో మనిషి ఎందుకు? మీరు మోస్తున్నంత కాలం వాళ్లిద్దరికీ ఎదురెదురుగా కూర్చోవలసిన అవసరం రాదు. మంచి కోడలనిపించుకోవడానికి మీరు చేస్తున్న ఈ పనే వాళ్లని దూరంగా ఉంచుతోంది. ఈ ఏర్పాటులో మీకూ సుఖం ఉంది, ఆఫీసులో ఉన్నంతసేపూ బ్రూనో గురించి బెంగ లేకపోయింది. అది కూడా ఒప్పుకోండి.

ఇవాళ్టినుంచి కబుర్లు మోయడం ఆపేయండి. మీ ఆయనతో ఒక్కసారే చెప్పండి: "మీ నాన్నగారితో మీరే మాట్లాడాలి, నేను మాట్లాడను." వెళ్లి కూర్చుని ముందు ఆ మణికట్టు ఎలా ఉందో అడగమనండి. చాలా ఆలస్యమైంది, అయినా అడగాలి. కూతురి దగ్గరికి ఎప్పుడు వెళ్లాలనుందో అడిగి టికెట్ కొనమనండి. తండ్రిని అడగడం తక్కువతనమని అనుకునే కొడుకులు నాకు తెలుసు. కొన్నాళ్లు అలిగి ఊరుకుంటారు, మీరు బెంబేలు పడి మళ్లీ మధ్యలోకి దూరితే తప్ప.

హాస్టల్ వెతకడం, చూసి రావడం, డబ్బు కట్టడం కూడా మీ ఆయన పనే. కుక్కని తెచ్చింది ఆయన. "మీరు చూడనన్నారు కాబట్టే ఇంత ఖర్చు" అన్న మాట మాత్రం ఆ ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, సరదాకి కూడా.

తిరిగొచ్చాక రోజువారీ సంగతి. పొద్దున వాకింగ్ మీ ఆయనది, అరగంట ముందు లేస్తారు. మధ్యాహ్నం తిప్పడానికి జీతానికి మనిషిని పెట్టండి. పెద్ద కుక్కనైనా ఆరు, ఎనిమిది గంటలకి మించి మూత్రానికి తిప్పకుండా ఉంచకూడదు, మీ ఆఫీసు వేళలకి అది చాలదు. మెడ బెల్టు తీసేసి, ఛాతీ దగ్గర కొక్కెం ఉండే హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) కొనండి, లాగుడు కొంత తగ్గుతుంది. అది ఉంది కదా అని మళ్లీ మామగారి చేతికివ్వకండి. ఆయనంతట ఆయన "సాయంత్రం కాసేపు నేను తిప్పుతాను" అంటే సరే, పక్కన ఇంకొకరు నడవండి. ఎప్పుడు మానేస్తానన్నా, ఎందుకని అడక్కండి.