బ్రేకు వేస్తే వణుకు, అడిగితే ‘అంతా బాగుంది’

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో ఒకే కంపెనీ కార్లు వాడుతున్నాం. ఇది మూడోది. తిరుమల నుంచి దిగేటప్పుడు బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోందని డీలరు సర్వీస్ సెంటర్‌లో మూడుసార్లు చెప్పినా, కారు కడిగి, బిల్లు చేతికిచ్చి, ‘అంతా బాగానే ఉంది సార్’ అంటున్నారు. కంపెనీ మీద అభిమానం పోలేదు గానీ మనసు విరిగింది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీ బాధ న్యాయమైనది. బ్రేకు వేసినప్పుడే స్టీరింగ్ వణికితే, చాలాసార్లు ముందు చక్రాల బ్రేకు డిస్కుల (చక్రంతో పాటు తిరిగే లోహపు పళ్లేల) మందం అంతటా సమానంగా లేకపోవడమే కారణం. అది బ్రేకులు వేడెక్కాక ఎక్కువగా బయటపడవచ్చు గనుక, ఊళ్లో ఒక చుట్టు తిప్పి చూస్తే సరిపోదు. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపించండి. డిస్కుల మందాన్ని, వంపును కొలిచి ఆ అంకెలను జాబ్ కార్డులో (మీ ఫిర్యాదు, చేసిన పని రాసే సర్వీస్ సెంటర్ పత్రంలో) రాయమనండి. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదుకు ఆధారం మిగలదు. ఇంతవరకు మీకు జరిగిన నష్టం బహుశా అదే. బ్రేకులు బాగయ్యే వరకు దయచేసి ఆ కారుతో కొండ ఎక్కవద్దు.

అప్పటికీ కదలిక లేకపోతే కంపెనీ కస్టమర్ విభాగానికి జాబ్ కార్డుల నకళ్లతో రాయండి, ఆపై జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సేవాలోపంపై రెండేళ్లలోగా, మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు.