ముందు ఖాళీ సగాన్ని కొలువు, బిడ్డా

బిడ్డా,

కోబాల్ట్ ఫిల్మ్ మీద ఆర్గానిక్ అణువులు పరిచి అయస్కాంతత్వం ఎట్లా మారుతుందో చూడమని గైడ్ టాపిక్ ఇచ్చారట, మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. మంచి టాపిక్. పేరు తెస్తుంది, ఏమరుపాటుగా ఉంటే మోసమూ చేస్తుంది. నా సర్వీసంతా థిన్ ఫిల్ముల దగ్గరే గడిచింది కాబట్టి కొంచెం పెద్దరికం చేస్తా, ఓపిక పట్టు.

సీ60కి, అంటే అరవై కార్బన్ పరమాణువుల బంతి లాంటి అణువుకు, సొంతంగా అయస్కాంతత్వం లేదు. కోబాల్ట్ మీద కూర్చోగానే దాని పీ ఆర్బిటాళ్లు (ఎలక్ట్రాన్లు ఉండే చోట్లు) కోబాల్ట్ డీ ఎలక్ట్రాన్లతో కలుస్తాయి. కోబాల్ట్‌లో రెండు రకాల స్పిన్లకూ (ఎలక్ట్రాన్ సొంత అయస్కాంత దిశ, పైకో కిందికో) ఉన్న స్థితులు సమానం కావు గనుక, ఆ కలయిక కూడా రెండింటితో ఒకే తీరుగా జరగదు. అణువుకు కొంత స్పిన్ అంటుతుంది. కింది కోబాల్ట్ పరమాణువుల మూమెంట్ (అయస్కాంతం సైజు) మామూలుగా కొంచెం తగ్గుతుంది. కానీ కొన్ని అణువుల కింద ఆ పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకునే బలం పెరుగుతుంది. అంటే అయస్కాంతం చిన్నదైనా మొండిదవుతుంది. చాలామంది మూమెంట్ ఒక్కటే చూసి ఆగిపోతారు. దాన్ని తిప్పడానికి ఎంత ఫీల్డ్ పట్టిందో కూడా చూడు, నా దృష్టిలో అసలు సంగతి అక్కడే ఉంది. 2013లో కార్తిక్ రామన్, జగదీశ్ మూడేరా బృందం అయస్కాంతత్వం లేని అణువును కోబాల్ట్ మీద పెట్టి, గది ఉష్ణోగ్రతకు దగ్గర్లోనే దాన్ని మెమరీ పొరలాగా పనిచేయించింది. రామన్ తర్వాత మన హైదరాబాద్‌లోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్‌కే వచ్చారు. 2015లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ యూనివర్సిటీ వాళ్లు ఇంకా ముందుకు పోయి, రాగికీ మాంగనీసుకూ సీ60 తగిలించి గది ఉష్ణోగ్రతలో ఫెర్రో అయస్కాంతత్వం (ఇనుముకు ఉండే లాంటిది) చూపించారు. ఏ లోహం దానంతట అదే అయస్కాంతమవుతుందో చెప్పే స్టోనర్ లెక్క ప్రకారం ఆ రెండింటికీ అది రాకూడదు.

ఇట్లాంటి ఫలితం నీకు వస్తే ఎగిరి గంతేయకు, ముందు నీ పట్టకారును అనుమానించు. లెక్క వేసి చూడు. 5 మిల్లీమీటర్ల భుజం ఉన్న సిలికాన్ ముక్క మీద ఒక్క పరమాణువు మందంలో కోబాల్ట్ ఇచ్చే సిగ్నల్ దాదాపు 7 మైక్రో ఈఎంయూ (మూమెంట్‌ను కొలిచే యూనిట్). దానికి సమానమైన సిగ్నల్ ఇవ్వడానికి సుమారు 16 మైక్రాన్ల భుజం ఉన్న ఇనుప రవ్వ ఒక్కటి చాలు. వెంట్రుక మందంలో నాలుగో వంతు. నువ్వు వెతికే మార్పేమో ఆ పొర సిగ్నల్‌లో కూడా ఒక చిన్న భాగమే. స్టీలు పట్టకారుతో అంచు గీరుకుంటే అంతకంటే పెద్ద రవ్వే అంటుకుంటుంది, స్క్విడ్‌లో (అతి చిన్న అయస్కాంతత్వాన్ని కొలిచే మెషిన్) అందమైన లూప్ (ఫీల్డ్‌ను అటూ ఇటూ తిప్పితే వచ్చే గ్రాఫ్) వస్తుంది! ప్లాస్టిక్ పట్టకారు కొనుక్కో. చిన్నప్పుడు వాగు ఇసుకలో అయస్కాంతం లాగితే మీసాల్లాగా నల్లపొడి లేచేది, గుర్తుందా? ఆ పొడి మన దుమ్ములోనూ ఉంటుంది. మే నెలలో కిటికీలు తెరిచిన ల్యాబ్ బల్ల మీద శాంపిల్ పెట్టి చాయ్‌కి పోవద్దు. ఖాళీ సిలికాన్‌ను, ఖాళీ హోల్డర్‌ను కూడా ఒకసారి కొలిచి పెట్టుకో.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. అణువులు వేసిన ఫిల్మ్‌ను మొన్న చేసిన ఉత్త ఫిల్మ్‌తో పోల్చొద్దు. ఒకే ముక్క మీద కోబాల్ట్ వేసి, వాక్యూమ్ విప్పకుండానే సగానికి మాస్క్ అడ్డం పెట్టి మిగతా సగం మీద అణువులు వెయ్యి. తర్వాత మొత్తం ముక్కకు ఒకే అల్యూమినియం పొర కప్పు. మోక్ (అయస్కాంతం మీద పడి తిరిగొచ్చే కాంతిలో మార్పు చూసే కెర్ పద్ధతి) లేజర్ చుక్కను ఈ సగం నుంచి ఆ సగానికి జరుపుకుంటూ పోతే, గీత దాటగానే కోయర్సివిటీ, అంటే అయస్కాంతాన్ని తిప్పడానికి పట్టే ఫీల్డ్, మారాలి. కెర్ సిగ్నల్ ఎత్తు మారితే మాత్రం నమ్మకు. అణువుల పొర కాంతి పరావర్తనాన్నే మార్చేస్తుంది, అయస్కాంతత్వానికి దానితో పని లేదు. ఇంకో ముక్క మీద కోబాల్ట్‌కూ అణువులకూ మధ్య పలచగా అల్యూమినియం వేసి చూడు. అప్పుడు కూడా అదే మార్పు కనిపిస్తే అది అణువుల పని కాదు.

కోబాల్ట్ ఆక్సైడ్ ఇంకో దొంగ. వాక్యూమ్ 10⁻⁶ టార్ (ప్రెజర్ కొలత) దగ్గర ఉంటే గాలి అణువులు ఒక పొర కప్పేయడానికి సెకను చాలు. 10⁻¹⁰ టార్ దగ్గర సుమారు మూడు గంటల టైమ్ దొరుకుతుంది. కోబాల్ట్ వేసిన వెంటనే అణువులు వెయ్యాలనేది అందుకే. ఆ ఆక్సైడ్ 18 డిగ్రీల సెల్సియస్ కింద యాంటీఫెర్రో (పక్కపక్క పరమాణువుల దిశలు ఎదురెదురుగా ఉండేది) అవుతుంది. మన దగ్గర గది దాదాపు ఎప్పుడూ దానికి పైనే ఉంటుంది కాబట్టి మామూలుగా ఏమీ కనిపించదు. శాంపిల్‌ను ఫీల్డ్‌లో చల్లబరచగానే కోయర్సివిటీ పెరుగుతుంది, లూప్ పక్కకు జరుగుతుంది. 1956లోనే మైకిల్‌జాన్, బీన్ చూపించిన సంగతి ఇది. దాన్ని అణువుల ఖాతాలో రాసుకుంటే పేపర్ తనిఖీ చేసే రెఫరీ వదలడు.

అణువుల పౌడర్‌ను తెచ్చిన రోజే వాడొద్దు. ఆవిరయ్యే వేడికి కొంచెం కింద రాత్రంతా ఉంచు. ప్రెజర్ గేజ్ మొదట ఎగిరి, మెల్లగా దిగుతుంది. అట్లా పోయేది లోపల మిగిలిన సాల్వెంట్, తేమ. లోహంతో నేరుగా కలిసేది మొదటి పొరే కాబట్టి మందంగా వేసి లాభం లేదు.

డీఎఫ్‌టీ లెక్కలు (ఎలక్ట్రాన్ల తీరును కంప్యూటర్‌లో లెక్కగట్టేవి) మీ సీనియర్ చేస్తాడన్నావు. వాండర్‌వాల్స్ సవరణ (అణువుల మధ్య ఉండే బలహీన ఆకర్షణ కోసం) పెట్టాడా లేదా అని ఒక్క మాట అడుగు. అది లేకపోతే అణువు లోహానికి ఉండాల్సిన దానికంటే దూరంగా తేలుతుంది, కలయిక బలం తప్పుగా వస్తుంది.

మొదటి లూపులు రాగానే రెండు సగాలవీ పంపు. స్మూత్ చేసిన గ్రాఫ్ వద్దు, మెషిన్ ఇచ్చిన నంబర్లే పంపు. నెట్‌వర్క్ సరిగా లేకపోతే మీ తమ్ముడు శనివారం హనుమకొండ వస్తున్నాడు, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి పంపించు.

నీ పెద్దబాపు