కీమో మధ్యలో గుండెకి ఎకో ఎందుకు తీస్తారు?

రొమ్ము క్యాన్సర్‌కి వాడే కొన్ని మందులు గుండె కండరాన్ని బలహీనపరుస్తాయి, ఆయాసం మొదలవకముందే ఎకోలో, అంటే గుండెకి చేసే అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో, అది తెలిసిపోతుంది, అందుకే తీస్తారు. సెలైన్ గొట్టంలో ఎర్రగా దిగే డాక్సోరుబిసిన్ క్యాన్సర్ కణాలతోపాటు గుండె కణాలనూ దెబ్బతీస్తుంది. పోయిన గుండె కణాలు దాదాపుగా మళ్లీ పుట్టవు. ట్రాస్టుజుమాబ్ అనే ఇంకో రొమ్ము క్యాన్సర్ మందు వల్ల వచ్చే బలహీనత మాత్రం, మందు ఆపితే చాలామందిలో తగ్గుతుంది. ఆ మందు వాడేటప్పుడు సాధారణంగా 3 నెలలకోసారి ఎకో చేస్తారు.

గుండె ఒక్కో సారి కొట్టుకున్నప్పుడు తనలోని రక్తంలో ఎంత శాతాన్ని బయటికి తోస్తుందో ఎకోలో చూస్తారు, ఆ లెక్కే ఈఎఫ్. మొదట్లో 62 ఉన్నది 48కి పడితే డాక్టర్లు వెంటనే జాగ్రత్తపడతారు. గుండె కండరం ఎంత ముడుచుకుంటుందో చెప్పే స్ట్రెయిన్ అనే కొలత అంతకన్నా ముందే తగ్గుతుంది.

‘ఈసీజీ నార్మల్ కదా, టెన్షన్ లేదు’ అనుకోవడం పొరపాటు. ఈసీజీ చూపేది గుండెలో కరెంటు నడకని, కండరం బలాన్ని కాదు. కీమోకి ముందు తీసిన ఎకో రిపోర్టు దయచేసి పారేయకండి, తర్వాతివన్నీ దానితోనే పోల్చాలి.