ఏఐ ఏజెంట్ ఒకే బుకింగ్‌ను రెండుసార్లు చేస్తోంది: టైమౌట్ పెంచినా ఎందుకు ఆగడం లేదు?

మీరు రాసినదాన్ని బట్టి, మీ వెబ్ యాప్‌లో ఏజెంట్ (వాడుకరితో మాట్లాడి తానే పనులు చేసే ఏఐ ప్రోగ్రాం) జవాబు నిమిషం దాటితే 504 (సమయానికి జవాబు రాలేదనే ఎర్రర్) వస్తోంది, తరువాత చూస్తే ఒకే బుకింగ్ రెండుసార్లు నమోదై ఉంటోంది. బ్రౌజర్‌కూ యాప్‌కూ మధ్య ఉండే ఎంజిన్‌ఎక్స్ సర్వర్‌లో టైమౌట్ (జవాబు కోసం ఎదురుచూసే వ్యవధి) పెంచి, ప్రాంప్ట్‌లో (ఏజెంట్‌కు ఇచ్చే సూచనల్లో) ‘ఒకే బుకింగ్‌ను రెండోసారి చేయవద్దు’ అని రాసినా సమస్య తగ్గిందే తప్ప పోలేదు. పైగా తెరపై తెలుగు అక్షరాల మధ్య అక్కడక్కడా ప్రశ్నార్థకం గుర్తులు వస్తున్నాయి. ఈ మూడూ నాకు ఒకే నెలలో ఎదురయ్యాయి కాబట్టి, నేను ఎక్కడ పొరపడ్డానో కూడా కలిపి చెబుతాను.

విజయవాడలో మాది చిన్న బృందం. ఇంటికి వచ్చి రక్త పరీక్షకు శాంపిల్ తీసుకునే సేవ కోసం, తెలుగులో మాట్లాడి బుకింగ్ చేసే ఏజెంట్‌ను తయారుచేశాం. ఒకనాటి ఉదయం ఒకే ఇంటికి ఇద్దరు ల్యాబ్ టెక్నీషియన్లు పది నిమిషాల తేడాతో వెళ్లారు. రెండో ఆయన ఊరికే వెనక్కి రావలసివచ్చింది. ఆ సమయానికి ఆయన కోసం మరో ఇంట్లో ఒక షుగరు రోగి పరగడుపున ఎదురుచూస్తున్నారు. అందుకే ఇలాంటి లోపాన్ని ‘అప్పుడప్పుడూ వచ్చేదే’ అని పక్కన పెట్టడం నాకు ఇష్టం ఉండదు.

మొదట మేమూ మీలాగే ప్రాంప్ట్‌ను సరిదిద్దాం. అది ఎందుకు పనిచేయదో ఆలస్యంగా అర్థమైంది. 504 వచ్చినప్పుడు ఎంజిన్‌ఎక్స్ బ్రౌజర్‌కు ‘జవాబు రాలేదు’ అని చెబుతుంది, అంతే. వెనుక ఉన్న మా యాప్ మాత్రం ఏజెంట్‌ను చివరిదాకా నడిపి బుకింగ్ పూర్తిచేసేది. తెరపై తప్పు కనిపించిన వాడుకరి మళ్లీ నొక్కితే రెండో ఏజెంట్ మొదలయ్యేది. ఈ రెండు పరుగులకూ ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు, ప్రతిదీ తానే మొదటిదని నమ్ముతుంది. అందుచేత ‘రెండోసారి చేయవద్దు’ అనే మాటను రెండూ పాటించినట్టే, అయినా బుకింగ్‌లు రెండు. ఒకే పరుగులో కూడా ఇది జరుగుతుంది: బుకింగ్ టూల్ (బుకింగ్ చేయడానికి ఏజెంట్ పిలిచే ఫంక్షన్) పది సెకన్లలో జవాబు ఇవ్వకపోతే మేము ఏజెంట్ వెనుక ఉన్న భాషా మోడల్‌కు ‘టైమౌట్, విఫలమైంది’ అని పంపేవాళ్లం, అది బాధ్యతగా మళ్లీ ప్రయత్నించేది. టైమౌట్ అంటే పని జరగలేదని కాదు, జరిగిందో లేదో మనకు తెలియదని మాత్రమే. ఆ తేడాను మోడల్‌కు చెప్పకుండా దాచింది మా కోడే.

తరువాత ఐడెంపొటెన్సీ కీ పెట్టాం. అంటే ప్రతి బుకింగ్‌కూ ఒక గుర్తు ఇచ్చి, అదే గుర్తుతో మళ్లీ అభ్యర్థన వస్తే కొత్తది చేయకుండా పాత ఫలితాన్నే తిరిగి ఇవ్వడం. అయినా నకళ్లు ఆగలేదు. విసిగిపోయి లాగ్‌లను (ప్రోగ్రాం ఏం చేసిందో చెప్పే నమోదులను) తోటి డెవలపర్ల ముందు పెట్టినప్పుడు, నాకు అంతకుముందు పరిచయం లేని ఒకరు వాటిని ఓపికగా చదివి ఒకే ప్రశ్న అడిగారు: ‘ఆ కీని ఎవరు తయారుచేస్తున్నారు?’ టూల్ ఆర్గ్యుమెంట్లలో (టూల్‌కు పంపే వివరాల్లో) ఒకటిగా మోడలే తయారుచేస్తోంది. మళ్లీ ప్రయత్నించిన ప్రతిసారీ కొత్త కీ ఇస్తోంది. సరేనని ఆర్గ్యుమెంట్లన్నింటినీ కలిపి హాష్ చేసి (వాటి నుంచి ఒక పొట్టి కోడ్ లెక్కగట్టి) కీగా వాడాం. అప్పుడు మోడల్ ఒకసారి ‘సీబీపీ’ అని, మరోసారి ‘కంప్లీట్ బ్లడ్ పిక్చర్’ అని రాసింది; పరీక్ష ఒకటే, హాష్‌లు రెండు. దీనికి వ్యతిరేకమైన చిక్కు కూడా ఉంది: ఒకే ఇంట్లో భార్యాభర్తలు ఒకే సమయానికి ఒకే పరీక్ష అడిగి, రోగి పేరు ఆర్గ్యుమెంట్లలో లేకపోతే, న్యాయమైన రెండో బుకింగ్ నకలుగా కొట్టుకుపోతుంది.

చివరకు నిలబడిన పద్ధతి ఇది. ఏజెంట్ వివరాలన్నీ సేకరించాక వాడుకరికి ‘ఖరారు చేయండి’ అనే కార్డు చూపిస్తాం. ఆ కార్డు తయారయ్యే క్షణంలోనే మా సర్వర్ ఒక కీ పుట్టించి, సంభాషణతో పాటు డేటాబేస్‌లో భద్రపరుస్తుంది. వాడుకరి పేజీ మూసి మళ్లీ వచ్చినా అదే కార్డు, అదే కీ కనిపిస్తాయి. బుకింగ్ టూల్‌ను మోడల్ పిలిచినప్పుడు మా కోడ్ ఆ కీని జతచేస్తుంది. మోడల్ దాన్ని చూడదు, మార్చలేదు. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో ఆ కీ కాలమ్‌పై యూనిక్ నిబంధన (ఒకే కీ రెండుసార్లు ఉండకూడదని) పెట్టి, ‘ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్’తో (కీ ముందే ఉంటే ఏమీ చేయవద్దని) ఇన్సర్ట్ చేస్తాం. డేటాబేస్‌లో కొత్త వరుస (నమోదు) పడకపోతే పాత వరుసను చదివి, ‘ఈ బుకింగ్ ఇప్పటికే ఖరారైంది, దీని నంబరు ఇది’ అని మోడల్‌కు చెబుతాం. ఇక్కడ ఎర్రర్ పంపకండి, ఎర్రర్ కనిపిస్తే అది మరో దారి వెతుకుతుంది. ల్యాబ్ వాళ్ల ఏపీఐ (మన కోడ్ వాళ్ల వ్యవస్థతో మాట్లాడే దారి) ఇలాంటి కీని అంగీకరించకపోతే, పంపేముందే ‘పంపుతున్నాం’ అని మన దగ్గర రాసుకుని, టైమౌట్ వస్తే మళ్లీ పంపకుండా ముందు మన రిఫరెన్స్ నంబరుతో వాళ్ల దగ్గర విచారించడమే మార్గం.

ఇక 504 సంగతి. ఎంజిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ రీడ్ టైమౌట్ మామూలుగా 60 సెకన్లు. అది మొత్తం జవాబుకు ఇచ్చే గడువు కాదు, వెనుక సర్వర్ నుంచి వచ్చే రెండు ముక్కల మధ్య ఉండగల ఎడం. కాబట్టి దాన్ని 300కు పెంచడం కంటే, అభ్యర్థన అందగానే 202తో (‘అందింది, పని ఇంకా పూర్తికాలేదు’ అనే జవాబు కోడ్) ఒక పని నంబరు ఇచ్చి, ఏజెంట్‌ను వేరే వర్కర్‌లో (వెనుక విడిగా నడిచే ప్రోగ్రాంలో) నడిపి, పురోగతిని ఈవెంట్ స్ట్రీమ్‌గా (ఒకే కనెక్షన్‌పై ముక్కముక్కలుగా) పంపడం మేలు. ప్రతి 15 సెకన్లకు కోలన్‌తో మొదలయ్యే ఒక ఖాళీ వ్యాఖ్య పంక్తి పంపితే కనెక్షన్ నిలుస్తుంది. అయితే ఎంజిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ బఫరింగ్ (వచ్చిన ముక్కలను కూడబెట్టి పంపడం) మామూలుగా ఆన్‌లో ఉంటుంది. ఆ దారికి దాన్ని ఆఫ్ చేయకపోతే మీ స్ట్రీమ్ ముక్కలుగా కాకుండా ఆగి ఆగి ఒకేసారి వచ్చిపడుతుంది.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, మీ మిగిలిన నకళ్లకు అదే కారణమని నా అనుమానం. బ్రౌజర్‌లో ఇలాంటి స్ట్రీమ్‌ను చదివే ఈవెంట్‌సోర్స్ అనే సదుపాయం, కనెక్షన్ తెగితే ఎవరూ అడగకుండానే మళ్లీ కలుపుకుంటుంది. ఆ స్ట్రీమ్ చిరునామాను తెరవడమే ఏజెంట్‌ను మొదలుపెట్టేలా రాసి ఉంటే, సిగ్నల్ పోయి వచ్చిన ప్రతిసారీ కొత్త ఏజెంట్ పుడుతుంది, వాడుకరి ఏమీ నొక్కకపోయినా. పని మొదలుపెట్టేది పోస్ట్ అభ్యర్థన, చూపించేది మాత్రమే గెట్ అన్నట్టు విడదీయండి. ప్రతి ఈవెంట్‌కూ ఐడీ ఇచ్చి దాచుకుంటే, మళ్లీ కలిసినప్పుడు బ్రౌజర్ పంపే ‘లాస్ట్ ఈవెంట్ ఐడీ’ హెడర్‌ను చూసి మిగిలినవి మాత్రమే పంపవచ్చు.

అక్షరాలు విరగడం వీటికి సంబంధం లేని విషయం. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు కోడ్ పాయింట్ (అక్షరం, గుణింతపు గుర్తు వంటి ఒక్కో గుర్తు) మూడు బైట్లు తీసుకుంటుంది. ‘తెలుగు’ అనే మాటే 18 బైట్లు. నెట్‌వర్క్ ముక్క ఆ మూడింటి మధ్యలో తెగితే, ముక్కను విడిగా డీకోడ్ చేసే కోడ్ అక్కడ ప్రశ్నార్థకం గుర్తు పెడుతుంది. మీ కోడ్‌లో ఎక్కడైనా ఈవెంట్‌సోర్స్ కాకుండా ఫెచ్‌తో (ముక్కలను మనమే చదువుకునే పద్ధతి) చదువుతుంటే, ప్రతి ముక్కకూ కొత్త టెక్స్ట్‌డీకోడర్ (బైట్లను అక్షరాలుగా మార్చేది) తయారుచేయకుండా ఒకదాన్నే ఉంచి, స్ట్రీమ్ ఆప్షన్‌ను ట్రూ చేయండి. ఇంగ్లీషులో పరీక్షిస్తే ఈ లోపం ఎన్నటికీ బయటపడదు కాబట్టి, మీ పరీక్షల్లో తెలుగు వాక్యాలు తప్పక ఉంచండి.

మార్పులు చేశాక, బుకింగ్ డేటాబేస్‌లో పడిన తరువాత జవాబు వెళ్లకముందే వర్కర్‌ను కావాలనే చంపి, మళ్లీ లేపి చూడండి. మేము ఇరవైసార్లు అలా చేసి, ఇరవైసార్లూ ఒకే వరుస ఉందని చూశాకే విడుదల చేశాం. అప్పటికీ నకలు వస్తే, రెండు వరుసల సమయాలు, రెండింటి కీలు, ఆ మధ్య ఏజెంట్ చేసిన టూల్ పిలుపులు ఇక్కడ పెట్టండి, రోగుల పేర్లూ ఫోన్ నంబర్లూ తీసేసి. నేను చదివి చెబుతాను.