దిగుతుంది గానీ లేవదు: ఔట్‌బోర్డు ట్రిమ్ గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: రుషికొండలో టూరిస్టులను తిప్పడానికి సెకండ్ హ్యాండ్ స్పీడు బోటు తీసుకున్నాను. వెనక పాత 60 హార్స్ పవర్ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డు (బోటు వెనక బయట తగిలించే ఇంజిన్) ఉంది. ఇంజిన్‌ని ఎత్తి దించే ట్రిమ్ స్విచ్ కిందికి నొక్కితే ఇంజిన్ మామూలుగా దిగుతోంది. పైకి నొక్కితే టిక్కుమని చప్పుడొస్తుంది, అంతే, కదలదు. చూసిన మెకానిక్ ట్రిమ్ మోటారు పోయిందనీ, యూనిట్ మొత్తం మార్చాలనీ అంటున్నాడు. మార్చాలా? పనిలో పనిగా వైరింగు కూడా కొత్తగా లాగిద్దామనుకుంటున్నాను. ఇంటికి వాడే వైరు సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ఎండాడ

జవాబు: డబ్బు జేబులోనే ఉంచుకోండి బాబూ. కిందికి తిప్పుతున్న మోటారూ, పైకి తిప్పాల్సిన మోటారూ ఒకటే. నీలం వైరుకి పాజిటివ్, ఆకుపచ్చకి నెగెటివ్ ఇస్తే చాలా ఇంజిన్లలో అది పైకి లేపే దిక్కుకి తిరుగుతుంది. అవే తిరగేసి ఇస్తే దించుతుంది. ఆ తిరగేసే పని రెండు రిలేలది, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌లది. లేపేదాన్ని పై రిలే, దించేదాన్ని కింది రిలే అందాం. మీరు విన్న టిక్కు అక్కడిదే. టిక్కుమంది కాబట్టి స్విచ్, దాని సన్న వైర్లు బాగానే ఉన్నట్టు లెక్క. వాటి జోలికి పోకండి.

ఇప్పుడు అసలు సంగతి. 'పైకి' పని చేయడం లేదంటే అందరూ పై రిలేనే పీకి మారుస్తారు. అది తప్పని కాదు, సగమే నిజం. ఏ బటనూ నొక్కనప్పుడు రెండు రిలేలూ మోటారు రెండు వైర్లనీ బ్యాటరీ నెగెటివ్‌కి కలిపి ఉంచుతాయి. పైకి నొక్కితే పై రిలే ఒక్కటే నీలం వైరుని పాజిటివ్ మీదికి మారుస్తుంది. కింది రిలే ఉన్నచోటే ఉండి, ఆకుపచ్చ వైరు ద్వారా వచ్చే కరెంటుకి తిరుగుదారి ఇవ్వాలి. ఆ ఊరికే కూర్చున్న రిలేలో నెగెటివ్ కాంటాక్టు కాలినా, చిలుము పట్టినా ఇంజిన్ లేవదు. కిందికి నొక్కినప్పుడు అదే రిలే తన రెండో కాంటాక్టుతో పని చేస్తుంది కాబట్టి భేషుగ్గా దింపుతుంది. అంటే నేరం మీకు బాగా పని చేస్తున్నట్టు కనిపిస్తున్న రిలేదే కావచ్చు.

పది రూపాయల ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. ముందు ఇంజిన్ కింద చెక్క దన్ను పెట్టండి, బ్రాకెట్ సందులో చేతులు పెట్టొద్దు. కౌలింగ్ (ఇంజిన్ పై మూత) తీసి, రిలేల దగ్గర మోటారు నీలం, ఆకుపచ్చ వైర్లు ఒకదాని చోట ఒకటి మార్చి బిగించండి. ఇప్పుడు 'కిందికి' బటన్ నొక్కండి. ఇంజిన్ పైకి లేస్తే మోటారు, పంపు, నూనె అన్నీ బాగున్నట్టే, జబ్బు రిలేలది. మోటారు గుయ్‌మని తిరుగుతున్నా ఇంజిన్ లేవకపోతే హైడ్రాలిక్ వైపు, అంటే నూనె ఒత్తిడితో ఎత్తే భాగం వైపు చూడాలి. మీ మోటారుకి మూడో వైరుగా నల్లది ఉంటే మాత్రం ఈ పరీక్ష మీకు కాదు. అలాంటి వాటిలో ఎర్తు (నెగెటివ్) ఆ నల్ల వైరు మీదే వస్తుంది, దిక్కుకో తీగ చుట్ట వేరేగా ఉంటుంది.

ఏ రిలేయో మీటరు చెబుతుంది. వైర్లు మళ్లీ వాటి చోట పెట్టి, మీటరు నల్ల పిన్ను బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర పిన్ను ఆకుపచ్చ వైరు టెర్మినల్ మీద పెట్టి పైకి నొక్కండి. దాదాపు సున్నా చూపించాలి. 12 వోల్టులు చూపిస్తే తిరుగుదారి తెగింది, కింది రిలే దోషి. ఆకుపచ్చ దగ్గర సున్నా, నీలం దగ్గర కూడా సున్నా అయితే పై రిలేలో పాజిటివ్ కాంటాక్టు పోయింది. అక్కడెక్కడా పెట్రోలు వాసన ఉండకూడదు సుమా, రిలే దగ్గర నిప్పురవ్వ చాలు.

కంపెనీ రిలే దొరికేవరకు బోటు ఆపుకోలేనంటే, కార్లకి వాడే అయిదు కాళ్ల రిలేలు, 40 ఆంపియర్లవి, రెండు తెచ్చుకోండి. కాళ్ల పక్కన ఉండే నంబర్లు చూసి కలపండి: రెండింటి 30వ కాలూ మోటారు వైర్లకి, 87 ఫ్యూజు మీదుగా పాజిటివ్‌కి, 87ఏ నెగెటివ్‌కి. 86కి స్విచ్ వైరు, 85 నెగెటివ్‌కి. కాళ్లు కిందికి ఉండేలా బిగిస్తే నీళ్లు నిలవవు. అయితే వాటిలో 87ఏ కాంటాక్టు మిగతా దానికన్నా బలహీనంగా ఉంటుంది. మీకు ఇప్పుడు చెడిపోయిందనుకుంటున్నది సరిగ్గా ఆ కాంటాక్టే. కాబట్టి అది తాత్కాలికమే.

ఇక వైరు. ఇంటి వైరు వద్దు. మన సముద్రపు గాలికి మామూలు రాగి తీగ లోలోపలే నల్లబడుతుంది, పైన ప్లాస్టిక్ కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది. ఒక చోట పైతొడుగు కోసి చూడండి, లోపల నలుపో, ఆకుపచ్చ పొడో రాలితే మెరిసే రాగి కనిపించేదాకా కోసుకుంటూ పోవాలి, లేదా మొత్తం మార్చాలి. తగరం పూత ఉన్న తీగ అడిగి తెచ్చుకోండి. బ్యాటరీ నుంచి రిలేకీ, రిలే నుంచి మోటారుకీ వెళ్లేది పాత తీగ మందానికి తగ్గకూడదు. స్విచ్‌కి సన్నది చాలు, దానిలో పోయేది రిలే చుట్ట లాగే కాస్త కరెంటే. చేత్తో మెలేసి టేపు చుట్టిన అతుకు నాకు చూపించొద్దు. లగ్గు (వైరు చివర వేసే లోహపు తొడుగు) వేసి నొక్కి, లోపల జిగురున్న వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి. పని అయ్యాక ఇంజిన్ లేస్తుండగా బ్యాటరీ దగ్గర ఎన్ని వోల్టులో, మోటారు దగ్గర ఎన్ని వోల్టులో కొలవండి. పాజిటివ్ వైపు అర వోల్టు, నెగెటివ్ వైపు అర వోల్టు మించి పోతుంటే ఏదో అతుకు ఇంకా దొంగాట ఆడుతోంది.

ప్రశ్న: సాయంత్రం ఇంజిన్ పూర్తిగా ఎత్తి వెళ్తే పొద్దున్నకి సగం దిగి ఉంటోంది. నూనె కారకుండా ఆపే సీళ్లు పోయాయా?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: సీళ్ల దాకా వెళ్లకముందు బ్రాకెట్ పక్కన ఉండే మాన్యువల్ రిలీజ్ స్క్రూ చూడండి. కరెంటు లేనప్పుడు చేత్తో ఎత్తుకోవడానికి దాన్ని ఎవరో వదులు చేసి, బిగించడం మరిచిపోయి ఉంటారు. అది బిగుతుగానే ఉంటే ఇంజిన్ పూర్తిగా ఎత్తి, లాక్ లీవరు వేసి, ట్రిమ్ నూనె ట్యాంకు మూత తీసి నూనె చూడండి. దించి చూస్తే లెక్క తప్పుతుంది. నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి, మొత్తం మార్చాలి. చాలా వాటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ల) నూనె వాడతారు, మాన్యువల్ ఏది చెబితే అది పోయండి, బ్రేక్ ఆయిల్ మాత్రం వద్దు. పోశాక నాలుగైదు సార్లు పూర్తిగా ఎత్తి దించితే గాలి దానంతట అదే పోతుంది. ఇన్ని చేశాక కూడా దిగుతుంటే అప్పుడు సీళ్లూ, వాల్వులూ. రాత్రిళ్లు ఇంజిన్ బరువు ఎప్పుడూ లాక్ లీవరు మీదే ఉంచండి, నూనె మీద కాదు.

ప్రశ్న: మా ఫైబర్ బోటుకి 9.9 హార్స్ పవర్ చేతిపట్టు ఇంజిన్ ఉంది. పవర్ ట్రిమ్ పెట్టించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పూడిమడక

జవాబు: ఎందుకండీ? అది ఒక్క మనిషి చేత్తో ఎత్తే ఇంజిన్. వెనక బ్రాకెట్‌లో ఉన్న పిన్ను ఒక రంధ్రం అటో ఇటో మార్చుకుంటే మీకు కావలసిన ట్రిమ్ అదే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో బోటు ఒడ్డున ఉన్నప్పుడు ఆ పిన్ను బయటికి లాగి, తుప్పు గీకి, గ్రీజు రాసి పెట్టుకోండి. లేకపోతే సీజను మొదలయ్యేసరికి సుత్తి కావాల్సి వస్తుంది.