పాఠకుల ప్రశ్నలు: రాయగడ నుంచి విశాఖకు

ప్రశ్న: అమ్మతో ఒక్కరోజు విశాఖ చూసి రావాలి. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఎలా వెళ్లాలి? అక్కడి కబుర్లు ఎందులో తెలుస్తాయి?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: టికెట్ కొనేముందు రైలు విశాఖపట్నం స్టేషన్‌లోకి వెళ్తుందో లేదో తప్పక చూడండమ్మా. అక్కడికి వెళ్లిన రైలు ఇంజిన్ మార్చుకుని వెనక్కి తిరగాలి. ఆ ఆలస్యం లేకుండా విజయవాడ వైపు వెళ్లే కొన్ని రైళ్లు ఊరు తప్పించి దువ్వాడలో ఆగుతాయి. అక్కడ దిగితే నగరానికి మళ్లీ పదిహేడు కిలోమీటర్లు.

ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామిని 2002లో మ్యూజియం చేశారు. సోమవారం సెలవు. లోపల దారి ఇరుకు, గదికీ గదికీ మధ్య గుండ్రటి ద్వారాల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. అమ్మగారికి అది కష్టమే. ఆమెను కైలాసగిరికి తీసుకెళ్లండి, రోప్‌వే ఉంది, కొండ మీద నుంచి తీరమంతా కనిపిస్తుంది. బీచ్‌లో మాత్రం నీళ్లలోకి దిగనివ్వకండి, లోపలికి లాగే ప్రవాహాలు ప్రాణాలు తీస్తున్నాయి.

కబుర్లకు ఆకాశవాణి ఎఫ్‌ఎం 102 పెట్టుకోండి. ఈనాడు 1974లో పుట్టింది విశాఖలోనే. స్టేషన్‌లో దిగగానే ఏ తెలుగు పత్రికైనా కొని జిల్లా పేజీలు తిరగేయండి, ఆనాటి కార్యక్రమాలు అందులోనే ఉంటాయి.