పెట్టె మీద 450 వాట్లు, పనిలో ఎన్ని?

ప్రశ్న: పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్ ఉన్న నా డెస్క్‌టాప్‌లో ఈ మధ్య ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు వేయించాను. రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా మార్చే పని) పెట్టిన కాసేపటికే కంప్యూటర్ దానంతటదే ఆరిపోయి మళ్లీ ఆన్ అవుతోంది. కేబినెట్‌తోపాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు విద్యుత్తు అందించే యూనిట్) 450 వాట్లది. దుకాణంలో 750 వాట్లది వేసుకోమంటున్నారు. కరెంటు బిల్లు పెరుగుతుందేమోనని భయంగా ఉంది. లేబుల్ ఫొటో జత చేస్తున్నాను.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ ఫొటోలో 450 అన్న అంకె కంటే దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న పట్టికే ముఖ్యం. అందులో 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు అని ఉంది. రెండూ హెచ్చవేస్తే వచ్చేది 192 వాట్లే. మిగిలినదంతా 5, 3.3 వోల్టుల గడుల నుంచి వచ్చే వాట్లను కూడి చూపిన లెక్క. ఇప్పటి కంప్యూటర్లలో ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తమకు కావలసిన విద్యుత్తును దాదాపు పూర్తిగా 12 వోల్టుల నుంచే తీసుకుంటాయి కాబట్టి ఆ లెక్క మీకు అక్కరకు రాదు. మీ కార్డు 170 వాట్లు, ప్రాసెసర్ గరిష్ఠంగా 76 వాట్లు తీసుకోగలవు. ఫ్యాన్లు, డిస్కులు కలపకముందే 246 అయింది. కంప్యూటర్ ఆరిపోవడంలో వింతేమీ లేదు.

అలాగని 750 వాట్లు అక్కర్లేదు. ఈ కార్డుకు దాని చిప్ తయారీ సంస్థ ఎన్‌విడియా సిఫారసు చేసేది 550 వాట్లే. 12 వోల్టుల గడిలో ఇంచుమించు 45 ఆంపియర్లు చూపే 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీకు చాలు. బిల్లు సంగతికొస్తే, ఎస్‌ఎంపీఎస్ మీద రాసిన వాట్లు అది ఇవ్వగలిగినవే తప్ప ఎప్పుడూ ఖర్చు చేసేవి కావు. లోపలి భాగాలు 300 వాట్లు అడిగినప్పుడు 85 శాతం సామర్థ్యం ఉన్నది గోడ నుంచి సుమారు 353 వాట్లు లాగుతుంది. 70 శాతం సామర్థ్యం ఉన్న నాసిరకానికి అదే పనికి 429 కావాలి.

‘80 ప్లస్ బ్రాంజ్’ ముద్ర ఉంటే ఈ సామర్థ్యానికి భరోసా ఉంటుంది, దానికంటే పై స్థాయి ముద్ర అయిన గోల్డ్‌కు అదనంగా డబ్బు పెట్టనవసరం లేదని నా అభిప్రాయం. అయితే ఆ ముద్ర సామర్థ్యాన్నే చెబుతుంది. షార్ట్ సర్క్యూట్, అధిక వోల్టేజీ, అధిక లోడు, వేడి వంటి సందర్భాల్లో తనంతట తాను ఆగిపోయే రక్షణలు ఉన్నాయో లేదో విడిగా చూసుకోవాలి. అయిదేళ్ల వారంటీ ఇచ్చే మోడల్‌ను ఎంచుకుంటే మంచిది. ఊడదీయగల కేబుళ్ల రకం కొంటే వేరే ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లను దానికి తగిలించకండి. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస కంపెనీకో తీరుగా ఉంటుంది, హార్డ్ డిస్క్ కాలిపోవచ్చు. మీ యూపీఎస్ 600 వీఏది అయితే దాన్నీ ఒకసారి చూసుకోండి, వాటిలో చాలావరకు 360 వాట్లకు మించి ఇవ్వలేవు.

ప్రశ్న: చెప్పులు లేకుండా సీపీయూ పెట్టెను తాకితే చేతికి జిల్లుమంటోంది. ఎస్‌ఎంపీఎస్ మార్చాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఎర్త్ చూపించండి. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ పెట్టె లోహానికి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు కలిపి ఉంటాయి. ఎర్త్ లేనప్పుడు వాటి వల్ల 230 వోల్టుల్లో సగం, అంటే సుమారు 115 వోల్టులు పెట్టె మీదికి వస్తాయి. ప్రవాహం చాలా తక్కువ కనుక జిల్లుమని ఊరుకుంటుంది. కొత్తది వేసినా ఇదే జరుగుతుంది. మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టే అడాప్టర్ వాడుతున్నట్లయితే దాన్ని ఈ రోజే తీసేయండి. ఎర్త్ సరిగా ఉందని ఎలక్ట్రీషియన్ పరీక్షించి చెప్పాక కూడా జిల్లుమంటే అప్పుడు ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించవచ్చు.